కొత్త అమావాస్య నాడు కామకురా

మీ అమ్మానాన్నల్ని ఎక్కడికైనా తీసుకెళ్ళాలని తారీఖు వేసినప్పుడు, ఆ ఊళ్ళో ఆ వారం గాలి ఎటు వీస్తుందో మీలో ఎందరు చూశారు? నిజం చెప్పండి. టికెట్ ధర చూశారు. ఆఫీసులో లీవు దొరుకుతుందా అని చూశారు. సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో కోడ్ రాసే మీరు, బాతెల్‌లో ల్యాబ్ కోటు వేసుకునే మీరు, "అమ్మ ఒప్పుకోదు" అనే సాకు చెప్పి వర్జ్యం కూడా చూశారు. ఆకాశం మాత్రం మీకు గుర్తు రాలేదు.

గుర్తు రాకపోవడానికి మిమ్మల్ని తిట్టే హక్కు నాకు పూర్తిగా లేదు. నేను ఇరవై రెండేళ్ళు ఇదే పని చేసి కిందటేడు రిటైరయ్యాను. రెడ్‌మండ్‌లో పళ్ళ డాక్టరు క్లినిక్ పైన రెండు గదుల ట్రావెల్ ఆఫీసు మాది. పిల్లల దగ్గర ఉండే తెలుగు పెద్దవాళ్ళని జట్లుగా జపాన్ పంపించడం నా ఉద్యోగం. చిన్నప్పుడు మా నాన్న నన్ను విజయవాడలో హేతువాద సభలకు తీసుకెళ్ళేవాడు. పదమూడేళ్ళకే వేదిక ఎక్కి జాతకాల మీద వాదించి బహుమతి తెచ్చుకున్నదాన్ని. అలాంటి నేను చేసిన తప్పు ముందు చెప్పి, ఆ తర్వాత గెలిచిన రోజు సంగతి చెబుతాను. పేర్లు ఎవరివీ రాయను. వాళ్ళలో చాలామంది వాట్సాప్‌లో ఇప్పటికీ చురుగ్గా ఉన్నారు.

కామకురా అనే ఊరు టోక్యోకి దక్షిణాన, రైల్లో గంట దూరం. ఎనిమిది వందల ఏళ్ళ కిందట కత్తి పట్టినవాళ్ళు రాజ్యం నడిపిన పట్టణం. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. శత్రువు రాకుండా కొండలు ఆపాయి గానీ వానను ఆపేవాళ్ళు ఎవరూ లేరు. జూన్‌లో నీలం బంతుల్లాంటి హైడ్రేంజియా పూలు విరగబూస్తాయి, దాంతోపాటు ముసురు పడుతుంది. జులై, ఆగస్టుల్లో విజయవాడ మే నెల ఉక్క. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా తుఫాన్ల కాలం. డిసెంబరు మొదట్లో మేపుల్ ఆకులు ఎర్రబడతాయి. జనవరిలో చలి కొరుకుతుంది కానీ తెల్లవారగానే సముద్రం అవతల ఫ్యూజీ కొండ కనిపిస్తుంది. మార్చి ఆఖర్లో చెర్రీ పూలు వస్తాయి. వాటి ఆయుష్షు వారం. మధ్యలో గట్టి గాలి వీస్తే అదీ ఉండదు.

ఇదంతా నేను పెద్ద పట్టికగా రాసి ఆఫీసు గోడకు అంటించాను. ఎన్నో ఏళ్ళ సగటు లెక్కలు చూసి, అక్టోబరు ఆఖరు వారానికి ఎదురుగా "ఆకాశం నిర్మలం" అని రాశాను. ఆ గళ్ళో ఇంకో మాట లేదు.

మా ఆఫీసులో హోటళ్ళకు ఫోన్లు చేసే జపాన్ ఆవిడ ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్ద. కామకురాకి పక్కనే ఉన్న బెస్తల ఊళ్ళో పుట్టింది. ఆమె నా పట్టికా, దాన్ని బట్టి వేసిన ప్లానూ చూసి, కామకురాకి ఒక్క రోజే పెట్టావేమిటి, పక్కన ఇంకో రోజు ఖాళీగా ఉంచు అంది. నేను లెక్కలు చూపించాను. ఆమె లెక్కలు చూడకుండా, సముద్రం నీ లెక్కలు చదువుకోలేదు కదా అని నవ్వి టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయింది. అదనపు రోజు పెడితే జట్టుకు ఇంకో ఊరు తగ్గుతుంది, బ్రోషర్‌లో బాగుండదు. అందుకే నేను వినలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అసలు కారణం అది కాదనిపిస్తుంది. నా పట్టికలో సందేహం ఉందని ఒప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆ ఏడాది అక్టోబరు ఆఖరు వారంలో వెళ్ళిన జట్టులో గుంటూరు టీచరుగారు ఒకరున్నారు. హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు సోషల్ చెప్పి రిటైరై, బాతెల్‌లో ఉన్న కూతురి దగ్గరికి వచ్చిపోతుండే ఆవిడ. కామకురాలో ఆరుబయట కూర్చున్న పెద్ద కంచు బుద్ధుడున్నాడు. ఆ బొమ్మ ఉన్న చార్టు పట్టుకుని ఆవిడ ఏటా ఎనిమిదో తరగతికి పాఠం చెప్పారట. అమరావతి నుంచి మొదలుపెట్టి బౌద్ధం ఎక్కడిదాకా పోయిందో బెత్తంతో చూపిస్తూ చివరికి ఆ బొమ్మ దగ్గర ఆగేవారట. టోక్యో, క్యోటో ఆవిడకు అక్కర్లేదు. ఆ బొమ్మ ఒక్కటి చూడాలి.

వాళ్ళు కామకురా వెళ్ళాల్సిన రోజున ఆలస్యంగా పుట్టిన తుఫాను ఒకటి సరిగ్గా ఆ తీరం మీదికే వచ్చింది. రైళ్ళు ఆపేశారు. పద్దెనిమిది మంది టోక్యో హోటల్లో కూర్చుని ఎలక్ట్రిక్ కుక్కర్లో ఉప్మా చేసుకున్నారు. మర్నాడు ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది కానీ, మర్నాడు మధ్యాహ్నానికి వాళ్ళకు తిరుగు విమానం.

తిరిగి వచ్చాక టీచరుగారు మా ఆఫీసుకి వచ్చారు. పోట్లాడటానికి వచ్చారనుకుని నేను క్షమాపణలు సిద్ధం చేసుకున్నాను. ఆవిడ గోడ మీది పట్టిక ముందు నిలబడి, కళ్ళజోడు పైకి కిందికి జరుపుకుంటూ మొత్తం చదివారు.

"నువ్వు పంచాంగాలు నమ్మవటగా అమ్మాయ్?"

"నమ్మనండీ."

"మరి ఇదేమిటి? ఫలానా వారం మంచిది, ఫలానా వారం చెడ్డది. తప్పితే ఏం చేయాలో ఇందులోనూ లేదుగా."

నన్ను వేదికల మీద పెద్ద పెద్ద శాస్త్రులు ఓడించలేకపోయారు. ఆవిడ నిలబడినచోటు నుంచి కదలకుండా ఓడించి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే పట్టిక చించేశాను. మా జపాన్ ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని పద్ధతి మార్చాను. ప్రతి ఊరికీ ఒక రోజు, దాని పక్కనే వదులుగా ఇంకో రోజు. ఏం జరిగితే మొదటిది వదిలి రెండోదానికి మారాలో బయల్దేరకముందే కాగితం మీద రాసుకోవాలి. జట్టు పెద్ద దాని మీద సంతకం పెట్టాలి. గాలి ఇంత దాటితే, తీరం రైలు ఆపుతామని హెచ్చరిక వస్తే, రోజు మారుతుంది. వాదన ముందే అయిపోవాలి, ఎందుకంటే హోటల్ లాబీలో అలిసిపోయినవాళ్ళ మధ్య జరిగే వాదనలో ఎప్పుడూ గొంతు పెద్దదే గెలుస్తుంది.

రెండేళ్ళు గడిచాయి. టీచరుగారు మళ్ళీ బాతెల్ వచ్చారు. ఈసారి ఆవిడ కూతురు నాకు ఫోన్ చేసింది. కుడి కన్ను దాదాపు పోయింది, ఎడమ కంటికి చూపు చుట్టూరా తగ్గుతూ మధ్యలో కాస్తే మిగిలింది, ఏదైనా చూడాలనుకుంటే వాయిదా వేయొద్దని డాక్టరు చెప్పాడు. అమ్మ మీ పేరే చెప్పింది ఆంటీ, మళ్ళీ మీ దగ్గరే బుక్ చేయమంది, ఎందుకో నాకైతే అర్థం కాలేదు అని కూడా అంది. నాకూ అర్థం కాలేదు. కానీ ఆ జట్టుతో నేనే వెళ్తానని మా ఓనరుకు చెప్పాను.

ఈ జట్టు పదహారు మంది. జట్టు పెద్దమనిషి తెలంగాణ ఆయన, నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా ఒక ప్రాజెక్టు గేట్ల మీద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. బతుకంతా వాన కొలిచిన మనిషి. ఎగువన ఎన్ని సెంటీమీటర్లు పడితే దిగువకు ఎన్ని గంటల్లో నీళ్ళొస్తాయో ఇప్పటికీ నోటిలెక్క చెప్పగలరు. అదే మనిషి సియాటిల్‌లో ఇంటి నుంచి కారు తీయాలంటే ఫోన్‌లో రాహుకాలం చూస్తారు. పైగా ఆ ఫోన్ హైదరాబాదు వేళలు చూపిస్తుంది. చాలా నెలలు ఆయన సియాటిల్‌లో అర్ధరాత్రి వచ్చే హైదరాబాదు రాహుకాలాన్ని అక్కడి పట్టపగలు పాటించారు. సంగతి మనవరాలు కనిపెట్టింది. "తాతా, నువ్వు ఇన్ని రోజులు రాంగ్ టైమ్ జోన్‌లో భయపడ్డావ్" అందట. మరి ఇన్ని నెలలూ తప్పు వేళకు కారు తీసినా ఏ ఆపదా రాలేదే అని ఆయన ఆలోచించి ఉండాల్సింది. ఆయన ఫోన్ సెట్టింగు మార్చారు.

ఈ పెద్దమనిషి కామకురా తారీఖును ఉగాది నాటికి పెట్టారు. బుధవారం, కొత్త సంవత్సరం, చెర్రీ పూలు, బుద్ధుడు. అంతా శుభం. ముందు రోజు మంగళవారం కొత్త అమావాస్య కాబట్టి కామకురాకి దగ్గర్లోని యోకోహామాలో హోటల్ దాటకుండా విశ్రాంతి. నేను మంగళవారాన్ని వదులు రోజుగా కాగితంలో రాసి ఇచ్చాను. మారాల్సిన షరతులూ రాశాను. ఆయన చదవకుండా సంతకం పెట్టారు. ప్రభుత్వ ఇంజనీరుకు ఆ అలవాటు పోదు.

సోమవారం సాయంత్రం యోకోహామాలో దిగాం. నేను వాతావరణం చూశాను. సముద్రం మీద అల్పపీడనం ఒకటి గబగబా బలపడుతోంది. బుధవారం పొద్దుటి నుంచి దక్షిణపు గాలులు, వాన, తీరం వెంట నడిచే రైలు ఆగిపోవచ్చని హెచ్చరిక. గురువారం పొద్దున అందరికీ విమానం. అక్టోబరు కథే మళ్ళీ. తేడా ఒక్కటే, ఈసారి మంగళవారం చేతిలో ఉంది.

భోజనాలు కాగానే లాబీలో అందర్నీ కూర్చోబెట్టి విషయం చెప్పాను. రేపే వెళ్దాం అన్నాను.

పెద్దమనిషి కుర్చీలో వెనక్కి వాలారు. "రేపు కొత్త అమాస, అండ్ల మంగళారం. మా దిక్కు గడప కూడ దాటరు. మీరేమో సముద్రం కాడికి పోదామంటున్నరు."

నాకు వేదిక దొరికినట్టయింది. అదే అమావాస్య సూళ్ళూరుపేట దాటి తమిళ దేశంలోకి అడుగుపెడితే మంచి రోజైపోతుంది, వాళ్ళు ఆ రోజే కొట్లు తెరుస్తారు, కొత్త పనులు మొదలుపెడతారు, చంద్రుడు చెక్‌పోస్టు దగ్గర గుణం మార్చుకుంటాడా అని అడిగాను. అందరూ నవ్వారు. రాహుకాలం లెక్క ఎక్కడి సూర్యుడితో, హైదరాబాదు సూర్యుడితోనా, రెడ్‌మండ్ సూర్యుడితోనా, ఈ ఊరి సూర్యుడితోనా అన్నాను. మళ్ళీ నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు. ఒక్కరూ కదల్లేదు. పెద్దమనిషి భార్య ఎంతో మర్యాదగా, అరవోళ్ళ పద్ధతి అరవోళ్ళది, మన పద్ధతి మనదమ్మా అంది. నలభై ఏళ్ళ వాదనలో నేను గమనించని సంగతి అప్పుడు కనబడింది. నవ్వించడానికీ ఒప్పించడానికీ మధ్య చాలా దూరముంది.

టీచరుగారు ఓ మూల సోఫాలో కూర్చుని ఉన్నారు. ఎడమ కన్నుతో మనిషి ముఖం వెతుక్కుని చూడటానికి తల అటూ ఇటూ తిప్పుతున్నారు. అది చూశాక నా గొంతు దానంతటదే తగ్గింది.

"సార్, ఒకటి అడుగుతాను. మీరు గేట్ల మీద ఉన్నప్పుడు, పైనుంచి వరద వస్తుందని కబురొస్తే ఏం చేసేవారు?"

"ఏం జేస్తం? గేట్లు లేపుతం."

"అప్పుడు రాహుకాలమైతే?"

ఆయన చేతిలో ఫోన్ తిప్పుతూ కూర్చున్నారు.

"గేట్ల కాడ గవన్నీ చూస్కుంట కూసుంటే కింద ఊర్లుంటయా అమ్మా" అన్నారు చివరికి. "ఒకసారి అమాస నాడే లేపిన. పన్నెండు గేట్లు. ఏం గాలే."

ఆ మాట అంటున్నప్పుడే ఆయనకే వినబడినట్టుంది. నేను ఇంకేమీ కలపలేదు. కలిపితే చెడేది.

అప్పుడు టీచరుగారు మాట్లాడారు. "రేపు ఎండ ఖాయమా అమ్మాయ్?"

"ఖాయమని చెప్పలేనండీ. పొద్దున మబ్బు ఉండొచ్చు. మధ్యాహ్నం దాకా వాన రాదనే ఎక్కువ నమ్మకం. ఎల్లుండి మాత్రం రైలు నడవడమే అనుమానం. రేపు నా అంచనా తప్పితే ఇంకో దారి లేదు, అది కూడా ముందే చెబుతున్నాను."

ఆవిడ సోఫా చేయి పట్టుకుని లేచారు. "పోయినసారి ఖాయమన్నావు. ఈసారి అనుమానం ఉందంటున్నావు. ఇప్పుడు నమ్మొచ్చు. ఎన్నింటికి బయల్దేరదాం?"

పొద్దున ఏడున్నరకు లాబీలో పద్నాలుగు మంది ఉన్నారు. ఒక జంట రామని ముందే చెప్పారు, అది వాళ్ళ ఇష్టం. పెద్దమనిషి అందరికంటే ముందు వచ్చి కూర్చున్నారు. హోటల్ కింద కొట్లో అన్నం పొట్లాలు కొని, అందులో ఊరి నుంచి తెచ్చిన పులిహోర గుజ్జు కలిపించి డబ్బాల్లో పెట్టించారు. పోతే కడుపు నిండుగ పోదాం అన్నారు. భయం పూర్తిగా పోయిందని చెప్పను. జేబులో నిమ్మకాయ ఉంది. నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను.

మొదట మబ్బే. రైలు కొండల మధ్య నుంచి కామకురాలోకి వచ్చేసరికి తొమ్మిది దాటింది, ఎండ వచ్చేసింది. ఊరి నడివీధిలో గట్టులా ఎత్తుగా కట్టిన నడకదారి ఉంటుంది, రెండు పక్కలా చెర్రీ చెట్లు. ఆ రోజు నిండుగా పూసి ఉన్నాయి. గాలి లేదు. ఒక రేకు కూడా రాలడం లేదు. మా ఆడవాళ్ళు ఫోటోల కోసం చీరలు సర్దుకుంటూ దారికి అడ్డం నిలబడితే, స్కూలు పిల్లల వరస ఒకటి వంగి వంగి దండాలు పెడుతూ పక్కనుంచి వెళ్ళింది.

అక్కడి నుంచి ఇళ్ళ పెరళ్ళను రాసుకుంటూ పోయే చిన్న రైలెక్కి మూడు స్టేషన్ల తర్వాత దిగాం. మెల్లగా నడిచాం. టీచరుగారు నా మోచేయి పట్టుకున్నారు. గేటు దాటి, చెట్లు దాటి, మలుపు తిరిగితే ఎదురుగా బుద్ధుడు. ఆకుపచ్చ తిరిగిన కంచు, కొంచెం ముందుకు వంగిన భుజాలు, ఒళ్ళో చేతులు. ఒకప్పుడు చుట్టూ గుడి ఉండేదట. గాలివానలూ సముద్రమూ దాన్ని ఎత్తుకుపోయాక మళ్ళీ కట్టకుండా వదిలేశారు. నెత్తిన ఆకాశమే మిగిలింది.

ఆవిడ చాలాసేపు ఆగిపోయారు. మిగిలిన ఆ కాస్త చూపులో అంత పెద్ద బొమ్మ ఒక్కసారి పట్టదు. ముఖం చూశారు, తర్వాత చేతులు, తర్వాత మోకాళ్ళు. బెత్తంతో చార్టు మీద చూపించినట్టు వేలు గాలిలో కదులుతోంది. ఆ తర్వాత చుట్టూ తిరిగి వెనక్కి వెళ్దామన్నారు. వెనక్కి వెళ్ళగానే గట్టిగా నవ్వారు.

"వీపు మీద కిటికీలున్నాయేమిటి!"

నిజంగానే ఉన్నాయి. బొమ్మ లోపల బోలు, వెలుతురు కోసం వీపున రెండు కిటికీలు, తలుపులు తెరిచి. లోపలికి వెళ్ళొచ్చు కూడా.

"ముప్పై రెండేళ్ళు పిల్లలకి ముందువైపే చూపించాను. ఒక్క పుస్తకంలోనైనా ఈ ముక్క రాసి చావలేదు" అన్నారు. తర్వాత ఇటు తిరిగి పెద్దమనిషితో, మీ గేట్లలాగే ఉన్నాయి చూడండి, ఎత్తి పెట్టారు అన్నారు. ఆయన ఇంజనీరులా చుట్టూ తిరిగి, అతుకులు ఎక్కడెక్కడ వేశారో మాకందరికీ పాఠం చెప్పారు.

మధ్యాహ్నం సముద్రం ఒడ్డున కూర్చుని డబ్బాలు విప్పాం. ఆ తీరంలో గద్దలుంటాయి, చేతిలో తిండి లాక్కుంటాయి. జాగ్రత్త అని బొమ్మతో సహా బోర్డు కూడా ఉంది. నేను చదివి వినిపించేలోపే ఒకటి వెనకనుంచి వచ్చి పెద్దమనిషి చేతిలోని పులిహోర ముద్ద తన్నుకుపోయింది. ఆయన ఖాళీ చేయి చూసుకున్నారు.

"చెప్పిన్నా లేదా, అమాస అని."

"బోర్డు రోజూ ఉంటుంది సార్. గద్దకు తిథి తెలియదు."

"నీతోని గెల్వలేం తియ్" అంటూ ఇంకో డబ్బా విప్పారు. మూడింటికి మంగళవారం రాహుకాలం మొదలైంది. మేం అప్పుడు చిన్న రైల్లో కూర్చుని, కిటికీలోంచి సముద్రం చూస్తూ, ఎవరి కాళ్ళు ఎక్కువ నొప్పి పుడుతున్నాయో పోటీ పడుతున్నాం.

బుధవారం తెల్లవారకముందే గాలి లేచింది. ఎనిమిదింటికి తీరం రైలు ఆపేశారని ఫోన్‌లో వచ్చింది. హోటల్ అద్దాలు వణుకుతుంటే లోపల కాగితపు కప్పుల్లో ఉగాది పచ్చడి పంచుకున్నాం. వేపపువ్వు ఒకావిడ సియాటిల్ నుంచి పొట్లం కట్టుకుని తెచ్చింది. అమావాస్య నాడు రామని చెప్పిన జంట కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు వాన చూశారు. టీచరుగారు వాళ్ళ పక్కన కూర్చుని తాను చూసింది వివరంగా చెప్పారు. దెప్పలేదు. నేనైతే దెప్పేదాన్నే.

పెద్దమనిషి నా దగ్గరికి వచ్చి, అంటే అమాస మనకు కలిసొస్తదన్నమాట, వచ్చే ట్రిప్పు గూడ అమాస నాడే పెడదాం అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. నేను వద్దన్నాను. నిన్న వాన పడి ఉంటే మీరు అమావాస్యను తిట్టేవారు, ఇవాళ పొగుడుతున్నారు, నిన్న అమావాస్య చేసిందేమీ లేదు, గాలి లేదు అంతే అని చెప్పాను. ఆయన జేబులోంచి నిమ్మకాయ తీసి, పచ్చడిలో పులుపు తక్కువైందన్న ఆవిడకు ఇచ్చేశారు. నా ఉద్యోగ జీవితంలో నేను గెలిచిన వాదనలన్నిటిలోకీ పెద్దది అదే.

ఆ తర్వాత మా ఆఫీసులో ఏ ఊరికి వేసిన ప్లాన్‌లోనైనా వదులు రోజు లేకపోతే ఓనరు వెనక్కి పంపేసేది. బ్రోషర్‌లో ఊళ్ళు తగ్గాయి. చూడకుండా తిరిగొచ్చినవాళ్ళూ తగ్గారు. కిందటేడు నాకు వీడ్కోలు విందు చేసినప్పుడు గుంటూరు నుంచి టీచరుగారు ఫోన్‌లో మాట్లాడారు. ఇప్పుడు ఎడమ కన్నూ వెలుతురు మాత్రమే పట్టుకుంటోందట. పక్కింటి పిల్లలకు పాఠం చెబుతున్నారట. బొమ్మ వెనకవైపు నుంచి మొదలుపెడుతున్నారట.

మీ ఇంట్లో కూడా ఏదో ఒకటి చూడాలని ఆశపడే మనిషి ఉంటారు. ఇవాళే వెళ్ళి అదేమిటో అడగండి. ఆ ఊరికి ఏ నెలలో ఎటునుంచి గాలి వస్తుందో మీరే చూడండి. ఒకటి కాదు, రెండు తారీఖులు వేయండి. ఏం జరిగితే మొదటిది వదిలేస్తారో వాటి కింద రాసి, వాళ్ళకు చదివి వినిపించండి. ఎవరైనా తిథి అడ్డం పెడితే, వాళ్ళు బతుకంతా చేసిన పని గురించి గౌరవంగా ఒక్క ప్రశ్న అడగండి. అప్పుడు టికెట్లు తీయండి.